నూనెలో కనిపించిన పన్ను

మా చెల్లెలి కూతురు నోట్లో పన్నుతో పుట్టింది. తొంభైల చివర్లో, తెరిపివ్వని వానల్లో, అనంతగిరి ఆసుపత్రిలో. అప్పుడు నేను అక్కడి కాఫీ తోటల్లో సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ణి. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. అందుకని నా క్వార్టరే చెల్లెలికి పుట్టిల్లయింది. తొలి కాన్పుకి అక్కడికే వచ్చింది.

కాన్పు సుఖంగానే అయింది. బిడ్డను తుడుస్తున్న ఆయా ఉన్నట్టుండి మాట ఆపేసి, నర్సమ్మను పిలిచి బిడ్డ నోరు చూపించింది. కింది చిగుళ్ల మధ్య బియ్యపు గింజంత తెల్లటి పన్ను. అరుదుగా ఇలా పుడతారని చదువుకున్నాను గాని చూడటం ఇదే మొదలని నర్సమ్మ అందట. ఆ మాట మా అమ్మ చెవికెక్కలేదు. వరండాలో ఉన్న నేను లోపలికి వెళ్లబోతుంటే గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"నువ్వు రాకు. ముందు నూనెలో సూడాల," అంది.

బిడ్డ పళ్లతో పుట్టినా, పై పళ్లు ముందొచ్చినా మేనమామకు గండమని మా వైపు గట్టి నమ్మకం. ఆ బిడ్డకు మేనమామను నేనొక్కణ్ణే. నాకు నవ్వొచ్చింది గాని అమ్మ మొహం చూసి ఊరుకున్నాను.

బిడ్డను ఇంటికి తెచ్చాక నన్ను పీట మీద కూర్చోబెట్టి, ముందు కంచు గిన్నెలో నువ్వుల నూనె పోశారు. బిడ్డను తిన్నగా చూడకూడదు, నూనెలో నీడనే చూడాలి. అమ్మ వెనకనుంచి నా భుజం మీదుగా బిడ్డను వంచి పట్టుకుంది. మబ్బు పట్టిన పగలు, గదిలో వెలుగు తక్కువ. నూనెలో మొహం పోలికే తెలియడం లేదు. అంతలో బిడ్డ ఏడవడానికి నోరు తెరిచింది. ఆ చీకటి నూనెలో పన్నొక్కటే తెల్లగా, స్పష్టంగా కనిపించింది.

ఆ వారంలోనే నాకు చలిజ్వరం వచ్చింది. వానాకాలం మా లైన్లలో, అంటే తోట కూలీల ఇళ్ల వరసల్లో, జ్వరం పడని ఇల్లుండదు. నర్సమ్మ వేలి నుంచి రక్తం తీసుకుని, మలేరియా అని మాత్రలిచ్చింది. అమ్మకు మాత్రం అది మలేరియా కాదు. నా మంచాన్ని వెనక గదిలోకి మార్పించింది. కింద మైదానంలో ఉన్న పంతులుగారికి కబురంపితే, ఆదివారం శాంతి చేయిద్దామని, అంతవరకూ నేను బిడ్డ మొహం చూడకూడదని చెప్పి పంపించారు. లైన్లలో వాళ్లు వచ్చి గుమ్మంలోనే నిలబడి, నన్ను కాసేపు చూసి, మెల్లగా పలకరించి వెళ్లిపోయేవారు. నా తోట పని ఎవరికి అప్పగిస్తారో మేస్త్రీలు కిటికీ అవతల మాట్లాడుకోవడం ఒకసారి వినిపించింది. వణుకు వచ్చినప్పుడల్లా, ఆదివారం దాకా ఉంటానా అని నాకూ అనిపించసాగింది.

గోడ అవతల బిడ్డ ఏడుపు వినిపిస్తూ ఉండేది. మొదట్లో రేకుల కప్పు అదిరేలా ఏడ్చేది. తరవాత ఆ ఏడుపు రోజురోజుకీ సన్నబడింది. పిల్ల కుదుటపడుతోందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం చెల్లెలు అమ్మ మాట లెక్కచేయకుండా బిడ్డతో నా గదిలోకి వచ్చేసింది.

"అన్నయ్యా, పిల్ల పాలు తాగట్లేదు. నోట్లో పెట్టగానే ఏడిసి వదిలేత్తంది. అందరూ నిన్నే సూత్తన్నారు. దీన్నెవులూ సూడరేటి?"

అమ్మ వెనకే వచ్చి ఆదివారం దాకా ఆగమంది. చెల్లెలు ఆగకుండా నా మంచం మీదే కూర్చుంది. బిడ్డను అప్పుడే మొదటిసారి తిన్నగా చూశాను. పెదవులు ఎండిపోయాయి, మాడు లోతుకు పోయింది. చేతులు కడుక్కుని గడ్డం మీద నొక్కి నోరు తెరిచాను. నాలుక కింద, సరిగ్గా పన్ను తగిలే చోట, అంచులు తెల్లబడిన పుండు. వేలితో తాకితే పన్ను కదిలింది.

అమ్మను రమ్మని చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. లోపలికెళ్లి దుప్పటి తెచ్చి బిడ్డకు చుట్టింది.

"బేగి జీపు సూడు," అంది.

ఘాట్ రోడ్డంతా మంచు. ఒక మలుపులో ఎర్రమట్టి జారి రోడ్డు సగం మూసుకుపోయింది. డ్రైవరు తల బయటికి పెట్టి అంగుళం అంగుళం పోనిచ్చాడు. చెల్లెలు బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి తీయలేదు. నాకు మళ్లీ వణుకు మొదలైంది. అమ్మ నన్ను కాసేపు, బిడ్డను కాసేపు చూస్తూ కూర్చుంది. ఇద్దరిలో ఒక్కరే మిగులుతారన్నట్టుగా చూసింది.

కొండ దిగాక ఎస్.కోటలో పిల్లల డాక్టరు బిడ్డకు సెలైన్ పెట్టించి, నోట్లో టార్చి వేసి చూశాడు. అది అదనపు పన్ను కాదట, తొందరపడి వచ్చేసిన పాలపన్నేనట. వేరు కట్టలేదు కాబట్టి ఊగుతోందన్నాడు. పాలు తాగేటప్పుడల్లా నాలుక దానికి రాసుకుని పుండు పడిందని, ఆ బాధకే బిడ్డ పాలు మానేసిందని చెప్పాడు. అమ్మ మేనమామ గండం సంగతి అడిగింది.

"అతనిది జ్వరమమ్మా, మాత్రలతో తగ్గుతుంది. ఈ పన్ను ఊడి ఊపిరితిత్తుల్లోకి జారితే మాత్రం బిడ్డ మీకు దక్కదు," అన్నాడు.

పుట్టిన కొత్తలో రక్తం త్వరగా గడ్డకట్టదని ముందు ఒక సూది వేశారు. పక్క వీధిలోంచి పళ్ల డాక్టరు వచ్చి గాజుగుడ్డతో పన్ను పట్టుకుని తీసేశాడు. రెప్పపాటులో అయిపోయింది. మర్నాడు బిడ్డ ఉగ్గుగిన్నెతో పాలు తాగింది, ఆ పై వారానికి తల్లి దగ్గర తాగింది. నా జ్వరం కూడా తగ్గింది. శాంతి మాత్రం అమ్మ ఆపలేదు.

పీకేసిన చోట మళ్లీ పాలపన్ను రాలేదు. బడికెళ్లే వయసు వరకూ మేనకోడలికి ఆ సందు అలాగే ఉంది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి అక్కడ పెద్దపన్ను వంకరగా మొలిస్తే విశాఖ తీసుకెళ్లాం. డాక్టరు ఎక్స్‌రే తీసి ఫిల్ము వెలుతురుకి పెట్టాడు. పైకి కనిపించే పళ్ల వెనక, దవడ ఎముకలో, పైన కళ్ల దగ్గరిదాకా, ఇంకో వరస పళ్లు బారులు తీరి ఉన్నాయి. ప్రతి పిల్లకీ అంతేనని డాక్టరు తేలిగ్గా అన్నాడు. అంత చిన్న మొహంలో అన్ని పళ్లు దాగున్నాయంటే నాకు మింగుడు పడలేదు.

అమ్మ ఆ ఫిల్ము దగ్గరికెళ్లి చూసి, ఇవన్నీ ఎప్పట్నుంచి ఉన్నాయని అడిగింది. కొన్ని పుట్టకముందే మొదలవుతాయని ఆయన చెప్పాడు. "అయితే అందరూ పళ్లతోనే పుడతారేటి," అంది అమ్మ. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది, బస్సు కదిలేదాకా ఆ చెయ్యి వదల్లేదు.