చీటీల మాస్టారు

మాస్టారికి నోరుంది. ఆ నోట్లోంచి వచ్చే గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది కూడా. అయినా ఆయన ఎవరినీ ఏదీ నోటితో అడగరు. చీటీ రాసి పంపిస్తారు. చీటీలంటే నెలనెలా పాడుకునే చీటీలు కావు, అరచేతిలో పట్టేంత కాయితం ముక్కలు. ఫ్యాను వెయ్యమన్నా చీటీయే, కళ్ళజోడు కనిపించకపోయినా చీటీయే. వెబ్ అప్లికేషన్లు తయారుచెయ్యడం నేర్పే మనిషికి ఇదేం జబ్బని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కునేవాళ్ళు. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళకి మాత్రం ఆ తీరిక కూడా ఉండేది కాదు. క్లాసున్నంతసేపూ చీటీలు పట్టుకుని గదుల మధ్య తిరగడంతోనే సరిపోయేది.

మాస్టారి భార్యని శిష్యులందరూ పిన్నిగారనేవాళ్ళు. పిన్నిగారు మొదట్లో రెండు వారాలు గొడవపడ్డారు. మూడో వారానికి ఆవిడే ముదిరిపోయారు. ఒకరోజు మాస్టారు వంటింట్లోకి చీటీ పంపారు: "కావలసినది: కాఫీ. చక్కెర: సగం." నిమిషంలో జవాబు వచ్చింది: "అడుగుతున్నదెవరో రాయలేదు." మాస్టారు ముచ్చటపడి రాశారు: "మీ ఆయన." మళ్ళీ జవాబు: "రుజువు చూపించండి." ఆయన లేచి వెళ్ళి వంటింటి గుమ్మంలో మొహం చూపించాక గానీ కాఫీ రాలేదు. గ్లాసు పట్టుకుని క్లాసుకి తిరిగొచ్చి, "చూశారా, లాగిన్ అంటే ఇదీ!" అని పొంగిపోయారు.

ఇంకోసారి చాలాకాలానికి ఆయన బావమరిది వచ్చాడు. గుమ్మంలోనే చేతిలో ఖాళీ చీటీ పెట్టారు. పేరు రాశాడు పాపం, వచ్చిన పని దగ్గర "ఊరికే చూసి పోదామని" అని రాశాడు. మాస్టారు చదివి తిప్పి పంపారు: "ఎవరిని చూడాలో స్పష్టంగా లేదు."

"అక్కా, బావకి ఏమైందే?" అని అరిచాడు బావమరిది వాకిట్లోంచి.

"ఏమీ కాలేదురా, రాసిచ్చి లోపలికి రా. మాకందరికీ అలవాటైపోయింది" అన్నారు పిన్నిగారు.

ఈ ఇంటికి మూడు నెలలు రోజూ వచ్చిన మనిషి స్పీడక్క. ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది. పార్సిళ్ళ ఆఫీసులో పదకొండేళ్ళుగా పంపేవాళ్ళ పేర్లూ, అందుకునేవాళ్ళ చిరునామాలూ కంప్యూటర్లోకి ఎక్కించడమే ఆవిడ పని. కళ్ళు మూసుకుని కొట్టినా ఒక్క తప్పు రాదు. అయితే ఆ కంప్యూటర్లో ఆ ఒక్క ఫారం తప్ప ఇంకేమీ తెరుచుకోదు. అవే పన్నెండు గళ్ళు. పొద్దున్న నింపడం మొదలుపెడితే సాయంత్రానికి నాలుగొందల సార్లు నింపేది.

నింపీ నింపీ ఆవిడకొక కోరిక పుట్టింది. ఈ గళ్ళు ఎవరో ఎక్కడో కూర్చుని చేశారు కదా. తను కూడా ఒక్క గడి, ఒక్కటంటే ఒక్కటి, తన చేత్తో చెయ్యాలి. అందులో వేరెవరో వచ్చి రాయాలి. బస్సులో కూర్చున్నా, అన్నం తింటున్నా ఇదే ధ్యాస. అన్నావదినల ఇంట్లో ఉండేది, భోజనాల బల్ల మీద వేళ్ళు వాటంతటవే ఆడేవి. "ఏమ్మా, తబలా నేర్చుకుంటున్నావా?" అనేది వదిన.

అంతలో ఆఫీసులో నోటీసు పెట్టారు. మూడు నెలల్లో ఎంట్రీ విభాగం ఎత్తేస్తారట. పై అంతస్తులో కొత్త విభాగం వస్తుందట, అక్కడ ఫారాలు నింపేవాళ్ళు కాదు, తయారుచేసేవాళ్ళు కావాలి. పరీక్ష పెడతారు, ఏదో ఒక ఫ్రేమ్‌వర్క్ వచ్చి ఉండాలి. నెగ్గినవాళ్ళు పైకి, మిగతావాళ్ళు ఇంటికి. స్పీడక్క ఆ నోటీసు మూడుసార్లు చదివి, ఆ సాయంత్రమే మాస్టారి గుమ్మం ఎక్కింది.

మొదటిరోజు మాస్టారు మామూలుగా నోటితోనే అడిగారు: "ఇళ్ళల్లో కంప్యూటర్లున్నాయా?" మందుల షాపాయన చెయ్యెత్తాడు, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు ఎత్తాడు, ఆవిడ తప్ప ఎనిమిదిమందీ టపటపా ఎత్తేశారు. స్పీడక్క అటూ ఇటూ చూసింది. లేదని చెబితే ఈ క్లాసు తనకి కాదంటారేమోనని భయపడి ఆఖర్న తనూ ఎత్తింది. మాస్టారు తల గోక్కుని, ఇప్పుడే వస్తానని లోపలికెళ్ళారు. పావుగంటకి ఒక కట్ట చీటీలతో వచ్చారు.

"నలభై రోజులదాకా ఎవరూ కంప్యూటరు ముట్టుకోకూడదు. ఇక్కడే కాదు, ఇళ్ళల్లో కూడా. ముట్టుకుంటే నాకు తెలిసిపోతుంది."

"మరి నేర్చుకోవడం ఎలాగండీ?" అన్నాడు మందుల షాపాయన.

"నడిచి" అన్నారు మాస్టారు.

నడిపించారు కూడా. ముందు గది మనం చూసే బ్రౌజరు, మధ్య గది అడిగినదానికి జవాబిచ్చే సర్వరు. వెనక గదిలో పిన్నిగారి పాత సొరుగుల బల్ల వివరాలు దాచే డేటాబేసు. ముందు గదిలో ఉన్నవాళ్ళు చీటీ రాయాలి, నడవాలో ఉన్నవాళ్ళు మోసుకెళ్ళాలి. మధ్య గది గుమ్మంలో ఒకళ్ళు కాపలా. ఫోను నంబరు గడి ఖాళీగా ఉంటే అక్కడే వెనక్కి కొట్టాలి. సరిగ్గా ఉంటే లోపలికి పంపి సొరుగులో దాయించాలి, అడిగినప్పుడు సొరుగులోంచి కావలసింది తెప్పించి, ఖాళీలున్న ఉత్తరంలో నింపి ముందు గదికి తిప్పి పంపాలి. లేని సొరుగు అడిగితే "దొరకలేదు" అని రాసివ్వాలి. స్పీడక్క వారం రోజులు సొరుగుల బల్ల పక్కన కూర్చుంది, వారం గుమ్మంలో నిలబడింది, కాళ్ళు లాగేలా నడవాలో తిరిగింది. ముందు గదిలో దుప్పటి కప్పిన రెండు కంప్యూటర్లుండేవి. వాటి పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ చెయ్యి ఆ దుప్పటి అంచుని తాకి వచ్చేది.

మాస్టారు పుట్టినప్పుడు కూడా ఏడవకుండా చీటీ రాసిచ్చి ఉంటారని ఆవిడ గట్టి నమ్మకం. ఆ చీటీల వెనక ఏవో అచ్చు అక్షరాలు సగం సగం కనిపించేవి. పాత కాయితాలు కాబోలు, పొదుపరి మనిషి అనుకుంది. ఒకటి పుస్తకంలో గుర్తుకి పెట్టుకుంది.

మూడో వారంలో పెద్ద గలాటా అయింది. సర్వరు వంతు మందుల షాపాయనది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. చీటీ రావడం ఆలస్యం "భద్రపరిచాము" అని జవాబు రాసి పంపేస్తున్నాడు. బ్రౌజరు గదిలో అందరూ సంతోషంగా ఉన్నారు. క్లాసు ముగిసే వేళ జాబితా అడిగితే వెనక గదిలోంచి స్పీడక్క ఖాళీ సొరుగు చూపించింది.

"నా దగ్గరికి ఒక్కటీ రాలేదండీ!"

"భద్రపరిచామని పద్నాలుగు జవాబులొచ్చాయి కదమ్మా!" అన్నాడు ఫొటోగ్రాఫరు.

వెతగ్గా వెతగ్గా పద్నాలుగూ మందుల షాపాయన చొక్కా జేబులో దొరికాయి. "వెనక గదిదాకా ఎవరు నడుస్తారని... తరవాత ఇద్దామనుకున్నా" అని నసిగాడు. తిడతారనుకున్నారు అందరూ. మాస్టారు ఆయన్ని కౌగలించుకున్నంత పని చేశారు. "చేసేవాళ్ళందరూ మొదట్లో చేసే తప్పు ఇదే! జవాబు ముందిచ్చేస్తారు, చీటీ జేబులో ఉండిపోతుంది!"

నలభై ఒకటో రోజున దుప్పట్లు తీశారు. "ఇన్నాళ్ళూ మీరు తిరిగిన గదులూ, గుమ్మాలూ, నడవా అన్నీ ముందే కట్టి ఇచ్చేదే ఫ్రేమ్‌వర్క్. ఏ గదిలో ఏం జరగాలో అది మాత్రం మీరే చెప్పాలి. గదులు తెలియనివాడి చేతిలో పెడితే సొంత ఇంట్లోనే దారి తప్పుతాడు" అన్నారు. మిగతావాళ్ళు ఇళ్ళకి పరిగెత్తారు. స్పీడక్క చెప్పుల దగ్గర తచ్చాడుతూ నిలబడిపోయింది. ఇంటికెళ్ళి ఆవిడ దేని మీద చేస్తుంది?

మాస్టారు చీటీ అందించారు: "కావలసినది: మనిషి. పని: ఎడమవైపు కంప్యూటరు రోజూ పొద్దున్న రెండు గంటలు నడపడం. నడపకపోతే దానికి కీళ్ళు పట్టేస్తాయి."

"కంప్యూటరుకి కీళ్ళేమిటండీ?"

"పాత మిషను. వయసు మీదపడితే అన్నిటికీ ఉంటాయి."

స్పీడక్క నమ్మింది. నమ్మకపోతే కుదరదు కాబట్టి మనస్ఫూర్తిగా నమ్మింది. రోజూ ఆరున్నరకి వచ్చి, ఆఫీసు టైమయ్యేదాకా దాని కీళ్ళు వదిలించి వెళ్ళేది. మొదటివారంలోనే దాని మీద ఒక గడి చేసింది. "మీ పేరు" అన్న ఒక్క గడి, కింద ఒక బటను. పిన్నిగారు తడిచేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి అందులో తన పేరు కొట్టారు. స్పీడక్క దాన్నే చూస్తూ కూర్చుని బస్సు అందుకోలేకపోయింది.

పరీక్షరోజు రానే వచ్చింది. పార్సిలు వివరాలు తీసుకుని, దాచి, జాబితా చూపించే చిన్న అప్లికేషను రెండు గంటల్లో చెయ్యాలి. గంటన్నరకల్లా స్పీడక్క పూర్తిచేసింది. వివరాలు కొట్టి బటను నొక్కింది. "భద్రపరిచాము" అని వచ్చింది. జాబితా తెరిచింది. ఖాళీ! మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఖాళీ! పై అంతస్తు ఉద్యోగం కళ్ళముందే కొట్టుకుపోతోంది, గడియారం చూస్తే పన్నెండు నిమిషాలే ఉంది.

స్పీడక్క లేచి నిలబడింది. కాయితం ముక్క చింపి చేత్తో పట్టుకుని తన బల్ల దగ్గర్నుంచి బయల్దేరింది. కిటికీ దాకా నడిచి ఆగింది. "గుమ్మం దాటింది" అని గొణుక్కుంది. స్తంభం దగ్గరికెళ్ళింది. "సర్వరు దగ్గరికొచ్చింది. జవాబు ఇచ్చింది..." బీరువా వైపు ఒక్క అడుగు వేసి టక్కున ఆగిపోయింది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు కొత్త విభాగం హెడ్డు కంగారుగా.

"చీటీ జేబులో ఉండిపోయిందండీ!" అని అరిచి, పరిగెత్తుకెళ్ళి కూర్చుంది. నిజంగానే ప్రోగ్రాములో జవాబు పంపే వరస రాసింది గానీ, డేటాబేసులో దాచే వరస రాయడం మరిచిపోయింది. ఆ ఒక్క వరసా రాసి నొక్కింది. జాబితాలో పార్సిలు వచ్చి కూర్చుంది.

హెడ్డు వచ్చి అంతా చూసి, సోమవారం పై అంతస్తుకి రమ్మన్నాడు. "ఇంతకీ ఆ నడకేమిటమ్మా?" అన్నాడు. స్పీడక్క మాస్టారి గురించి చెప్పింది.

"ఆయనా! నేనూ ఆయన శిష్యుణ్ణే. కానీ మాకు చీటీల్లేవే? మొదటిరోజే అచ్చేసిన పేజీలు చేతిలో పెట్టేవారు. 'ఇంటి దగ్గర మీ కంప్యూటరులో రోజూ చేయవలసిన అభ్యాసాలు' అని పైన ఉండేది. చెయ్యకుండా వస్తే వాయించేసేవారు."

స్పీడక్క సంచిలోంచి పుస్తకం తీసింది. గుర్తుకి పెట్టుకున్న చీటీ వెనక్కి తిప్పింది. "టి దగ్గర మీ కంప్యూ" అని ఉంది.

అటునుంచి అటే మాస్టారింటికి వెళ్ళింది. పిన్నిగారు తలుపు తీశారు, ఆయన స్నానం చేస్తున్నారు.

"పిన్నిగారూ, ఈ చీటీలు మా బ్యాచితోనే మొదలయ్యాయా?"

పిన్నిగారు నవ్వారు. "ఆ రోజు వంటింట్లోకి వచ్చి, ఆఖర్న లేచిన చెయ్యి అబద్ధమాడుతోందే, పేజీలిస్తే ఆ పిల్ల రేపట్నుంచి రాదు, కత్తెరెక్కడుందీ అన్నారు. అంతే. ఆ మనిషి నన్ను నోటితో ఏదైనా అడగడం అదే ఆఖరు."

"మరి కీళ్ళు?"

"ఆ మిషను ఏడాది ముట్టుకోకపోయినా ఏమీ కాదమ్మా."

"క్లాసులో సరే, ఇంట్లో కూడా చీటీలెందుకండీ?"

"క్లాసులోనే అయితే నీకు అనుమానం వస్తుందట. ఇంట్లోనూ మొదలెట్టారు. ఇప్పుడు మానమన్నా మానలేకపోతున్నారు, నా ఖర్మ!"

మాస్టారు చొక్కా తొడుక్కుని, తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చారు. స్పీడక్కని చూసి బల్ల మీది ఖాళీ చీటీ వైపు వేలు చూపించారు. స్పీడక్క కళ్ళు తుడుచుకుని రాసింది: "కావలసినది: ఏమీ లేదు. పరీక్ష నెగ్గాను. మా ఇంట్లో కంప్యూటరు లేదు."

మాస్టారు చదివారు. మళ్ళీ చదివారు. మడతపెట్టి చొక్కా జేబులో వేసుకుని పైనుంచి ఒకసారి తట్టుకున్నారు. తరవాత ఇంకో చీటీ తీసి జవాబు రాసిచ్చారు: "భద్రపరిచాము."

"మాస్టారూ, చీటీ జేబులో ఉండిపోయింది" అంది స్పీడక్క.

"ఉండనీ" అన్నారు మాస్టారు, నోటితోనే.