మా బావ పదకొండు రోజుల స్పెయిన్

మా బావ అబద్ధాలకోరని రుజువు చేయడానికి నేను స్పెయిన్ దాకా వెళ్ళాను. ఈ మాట కాగితం మీద పెడుతుంటే సిగ్గుగా ఉంది గానీ, వెళ్ళిన రోజు మాత్రం సిగ్గు లేదు. పెళ్ళికి పోతున్నంత హుషారుగా ఉంది.

బావంటే మా అక్క భర్త, కథలాపూర్ మనిషి. ఇరవై రెండేళ్ళు కువైట్‌లో ఒకే ఇంట్లో డ్రైవర్‌గా పనిచేసి, మోకాళ్ళు అరిగిపోయాక తిరిగొచ్చాడు. వీసా ఇచ్చి పిలిపించుకున్న ఆ ఇంటి యజమానిని అక్కడి మాటలో కఫీల్ అనేవాడు. ఒక ఎండాకాలం ఆ కఫీల్ ఆలివ్ నూనె బేరం మాట్లాడుకోవడానికి పెళ్ళాం పిల్లలతో స్పెయిన్ వెళ్తూ, బండి నడపడానికి మా బావనూ వెంటబెట్టుకుపోయాడు. హాయెన్ అనే ఊళ్ళో పదకొండు రోజులున్నారు. స్పెయిన్ వెళ్ళేవాళ్ళు కూడా పెద్దగా వెళ్ళని ఊరది. మా కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టాల్లో మాత్రం ఆ ఊరు తెలియనివాళ్ళు లేరు.

ఎందుకంటే ఏ దావత్‌కు పోయినా, తిన్న చేయి కడుక్కోగానే ఎవరో ఒకరు ఆయన్ని కదిలించేవాళ్ళు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, చేతులు చాపి మొదలుపెట్టేవాడు.

"గా ఊరు సూడాలె. గిట్ల నిలవడితె కుడిచెయ్యి దిక్కు పెద్ద చర్చి, దానికి రెండు గోపురాలు. ఎడమచెయ్యి దిక్కు గుట్ట. గుట్ట మీద కోట, కోట పక్కపొంటి తెల్ల సిలువ. ఎదురుంగ మందుల దుకాణం, దాని పచ్చ బోర్డు మీద ఎండ ఎంతుందో రాసొస్తది. నలభై మూడు! ఇగ గుట్ట కిందికెల్లి సూసినంత దూరం ఆలివ్ చెట్లే. మన పత్తి సాల్ల లెక్క, దువ్వెనతోని దువ్వినట్టు."

అసలు రుచి చివర్లో ఉండేది. అరబ్బుల కాలం నాటి స్నానశాల. "కప్పుకు సుక్కల తీరు బొక్కలుంటయి. గా బొక్కలకెల్లి ఎండ నీళ్ళల్ల పడ్తది. గోరువెచ్చటి నీళ్ళు. నేను గూడ తానం జేసిన." ఈ స్నానం దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళు కూడా పనులు ఆపి వినేవాళ్ళు. ఆయన ఏదైనా మరిచిపోతే దావత్‌లో కూడా బీడీల చాట వదలని మా అక్క తలెత్తకుండానే అందించేది. "సుక్కల ముచ్చట చెప్పకపోతివి" అనేది. ఆ ఊరు ఆమె కూడా చూసినట్టే ఉండేది.

నాకు కడుపు మండేది. రాయికల్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి. స్పెయిన్ పటాన్ని కళ్ళు మూసుకుని బోర్డు మీద గీయగలను. కానీ ఏనాడూ దేశం దాటలేదు. పదో తరగతి తప్పిన మనిషి మా ఇంట్లో యూరప్ పాఠం చెప్తుంటే వింటూ కూర్చోవాలి. నా రిటైర్మెంట్ రోజున కోరుట్లలో భోజనాలు పెట్టాను. ఇద్దరు హెడ్మాస్టర్లు నా గురించి మాట్లాడారు. మూడో ఆయన మైకు అందుకునేలోపు వెనక నుంచి ఎవరో "కాకా, స్పెయిన్ ముచ్చట చెప్పరాదు" అన్నారు. కుర్చీలన్నీ అటు తిరిగాయి. శాలువా నా భుజాల మీదే ఉంది, సభ మాత్రం ఆయనదైపోయింది. ఆ రోజే అనుకున్నాను, ఈయన సంగతి తేల్చాలని.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మా అక్క పెళ్ళయినప్పటి నుంచీ ఆయన రెండేళ్ళకోసారి రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. అంతే వాళ్ళ కాపురం. ఇరవై రెండేళ్ళు అట్లా బతికినందుకు వాళ్ళిద్దరికీ నలుగురిలో చెప్పుకోవడానికి దక్కింది ఆ ఊరొక్కటే. అది ఊడబెరికితే ఇంకేం మిగలదని నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

రిటైరైన టీచర్లం కొందరం కలిసి స్పెయిన్, పోర్చుగల్ టూరు బుక్ చేసుకున్నాం. గ్రనడాలో ఉన్న రోజున అందరూ అక్కడి అరబ్బుల కాలం నాటి ఎర్రకోట చూడటానికి పోయారు. ప్రపంచం నలుమూలల నుంచి జనం దానికోసం వస్తారు. నేను కడుపునొప్పని చెప్పి హాయెన్ బస్సెక్కాను. ముందురోజు గైడును అడిగితే "అక్కడ చూడ్డానికేముంది సార్, ఆలివ్ చెట్లు తప్ప" అన్నాడు. నేను చూడ్డానికి పోవడం లేదు కదా, పట్టుకోవడానికి పోతున్నాను.

గంటకు పైగా దారి పొడుగునా ఆలివ్ చెట్లే. వరసలు వరసలు, మన పత్తి సాళ్ళలాగే. ఆ పోలిక సరిగ్గా కుదిరినందుకు కూడా నాకు చిరాకేసింది.

ఊరు గుట్టకు ఆనుకుని ఏటవాలుగా ఉంది. ఇరుకు సందులు, తెల్ల గోడలు, బాల్కనీల్లో పూలకుండీలు. మధ్యాహ్నం రెండు దాటేసరికి, అక్కడివాళ్ళ కునుకు వేళ, దుకాణాల షట్టర్లు దిగిపోయాయి. చెట్టు నీడన నలుగురు ముసలాళ్ళు బల్లేసుకుని ఏదో ఆడుతున్నారు. ఒక చిన్న హోటల్లో కాల్చిన రొట్టె మీద టమాట గుజ్జు, దాని మీద ఆలివ్ నూనె పోసి ఇచ్చారు. నూనె గొంతులో కొంచెం ఘాటుగా దిగింది, బాగుంది. తీరిగ్గా తినే ఓపిక లేక సగం వదిలేసి స్నానశాలకు నడిచాను.

అది ఒక పాత భవనం కింద ఉంది. మెట్లు దిగితే చల్లగా ఉంది. కప్పు నిండా నక్షత్రాల ఆకారంలో కన్నాలు, వాటిలోంచి వెలుగు దిగుతోంది. బావ చెప్పినట్టే ఉంది, ఒక్క నీళ్ళు తప్ప. వంగి నేలను చేత్తో తడిమాను. పొడిగా ఉంది, ఒక ఫొటో తీశాను. అక్కడి ఉద్యోగినిని అడిగితే, ఇందులో నీళ్ళుండి కొన్ని వందల ఏళ్ళయిందని నవ్వింది. నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చినంత సంతోషమైంది.

అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ నేను టీచర్ని కదా, లెక్క పూర్తిగా తేలాలి. బావ చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని నోటుబుక్కులో ముందే పటం గీసుకున్నాను. కుడిచేతికి గోపురాలు, ఎడమకు కోట, ఎదురుగా మందుల దుకాణం. ఈ మూడూ అట్లా కనపడే చోటు ఊళ్ళో ఎక్కడుంటుంది? పటం పట్టుకుని ఒక్కో సందూ తిరిగాను. నాలుగింటికి దొరికింది. ఏటవాలుగా ఉన్న ఒక కార్ల పార్కింగు. ఒక్క చెట్టు లేదు. మధ్యలో నిలబడి బావలాగే చేతులు చాపాను. కుడిచేతికి గోపురాలు, ఎడమచేతికి కోట, ఎదురుగా పచ్చ బోర్డు. ఊరి గురించి ఆయన చెప్పిన ప్రతి ముక్కా అక్కడి నుంచి కనపడుతోంది. అక్కడి నుంచి కనపడనిది స్నానశాల ఒక్కటే, తప్పు దొరికిందీ అక్కడే.

పార్కింగువి పన్నెండు ఫొటోలు తీశాను. తిరుగు బస్సుకు వేళవడంతో ఆ పెద్ద చర్చి లోపలికి అడుగు కూడా పెట్టలేదు.

నెల తిరక్కుండానే అదను దొరికింది. సిరిసిల్లలో మా మేనకోడలు, అంటే బావ కూతురే, కొత్త ఇంటి గృహప్రవేశం పెట్టుకుంది. పక్క సందుల్లో సాంచెల చప్పుడు, బట్ట నేసే ఆ మరమగ్గాలు సిరిసిల్లలో ఎప్పుడూ ఆగవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక యాభై మంది చుట్టాలు హాల్లో కూలబడ్డారు. ఎవరో అడిగారు, బావ లేచి చేతులు చాపాడు. స్నానం దాకా చెప్పనిచ్చాను. తర్వాత మేనకోడలి భర్తకు నా ఫోనిచ్చి ఫొటోలు పెద్ద టీవీలో వచ్చేటట్టు పెట్టించాను.

"బావా, నువ్వు నిలవడ్డ జాగ ఇదేనా?" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. టీవీ దగ్గరికి కుంటుకుంటూ పోయి తెరను వేలితో తాకాడు. "గదే! గదే బామ్మర్ది! అగో, గా పచ్చ బోర్డు. నువ్వు గూడ పోయినవా? చెప్పవైతివి!" అని అక్కను కేకేసి పిలిచాడు. అక్క చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అన్నేళ్ళుగా వింటున్న ఊరిని కళ్ళతో చూడటం ఆమెకు అదే మొదలు. "నేను చెప్పిన గోపురాలు గవే సూడు" అంటున్నాడు ఆయన. ఆ సంబరం చూసి కూడా నేను ఆగలేదు.

"ఇది కార్లు పెట్టే జాగ గదా బావా. లోపలికి ఎన్నడన్న పోయినవా?"

ఆయన తెర మీది నుంచి వేలు తీసేశాడు. నేను స్నానశాల ఫొటో పెట్టించాను. "ఇండ్ల నీళ్ళు లేక వందల ఏండ్లయిందట. నువ్వు తానం ఎట్ల జేసినవ్?" క్లాసులో పాఠం అప్పజెప్పలేని పిల్లాణ్ణి బెంచీ ఎక్కించినప్పుడు వాడే గొంతు నాకొకటుంది. ఆ గొంతుతోనే అడిగాను.

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. "అయితె మామ స్పెయిన్ పోయి బండికి కావలి కాసిండన్నట్టు" అని ఒకడన్నాడు. "పార్కింగ్ మామ" అని ఇంకొకడు అందుకున్నాడు. నేను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

నవ్వులు తగ్గాక బావ మెల్లగా అన్నాడు. "కఫీల్ బండి ఇడ్సిపెట్టి పోవద్దన్నడు బామ్మర్ది. పొద్దంత గండ్లనే ఉండేది. సాయంత్రం పిల్లలు బండెక్కినంక, లోపల ఏమేం జూసిన్రో వాళ్ళ నాయినకు చెప్పేటోళ్ళు. నేను ముందట కూసుండి ఇనేది. నీళ్ళున్నయని చిన్నపిల్ల చెప్పింది. అది నిజమే అనుకున్న." దానికి మళ్ళీ నవ్వారు. అక్క గరిటె పట్టుకుని వంటింట్లోకి పోయింది. సాయంత్రం మేం బయల్దేరేటప్పుడు గడప దాకా రాలేదు.

పేరు మాకంటే ముందే ఊళ్ళు తిరిగింది. జగిత్యాల బస్టాండులో ఒక ఆటో అతను ఆయన్ని "పార్కింగ్ కాకా, ఎటు?" అని పిలిచాడట. ఆయన దావత్‌లకు రావడం మానేశాడు. నాకు ఒక వారం పాటు హాయిగానే ఉంది. చుట్టాలు అడిగితే హాయెన్ గురించి నేను చెప్పాను, తారీఖులతో సహా. ఐదు నిమిషాలు కూడా ఎవరూ వినలేదు.

మూడు నెలలకు అక్క ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"తమ్మీ, ఒకపారి ఇంటికి రా. ఇన్నొద్దులు మీ బావ గా పదకొండు రోజుల ముచ్చట తప్ప ఇంకోటి ఎత్తకపోతుండె. మిగిలిన యేండ్ల సంగతి అడిగితే లేసి బయటికి పోయేటోడు. ఇప్పుడు గవే చెప్తుండు. పొద్దు పొద్దంత గవే. ఒక్కదాన్నే ఇంటున్న. నాతోని అయితలేదు. నీకు నిజం గావాల్నన్నవ్ గద, అచ్చి నువ్వు గూడ ఇను."

మర్నాడు కథలాపూర్ వెళ్ళాను. బావ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కోపం లేదు. "అచ్చినవా బామ్మర్ది, కూసో" అన్నాడు. అక్క చాయ్ ఇచ్చింది. ఆయన నేను అడక్కుండానే మొదలుపెట్టాడు. ఈసారి లేచి నిలబడలేదు, చేతులు చాపలేదు.

"రెండో ఏడాది. బయట యాభై డిగ్రీలు. బండ్ల ఏసీ బంద్ వెట్టి కూసొమ్మన్నడు. సొమ్మసిల్లి సీటు మీద కక్కిన. కఫీల్ అచ్చి సూసిండు. దవాఖానకు తీస్కపోత గని ముందుగాల సీటు కడుగుమన్నడు. కడిగిన. వాసన పోలేదు, మళ్ళ కడుగుమన్నడు. మళ్ళ కడిగిన. మూడోపారి కడుగుతుంటె నీళ్ళ బకెట్ మీదనే పడ్డ. బకెట్ వలిగిందని తన్నిండు."

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. పొడిచినన్నాళ్ళూ నాకు నొప్పి తెలియలేదు. ఇప్పుడు ఆ పుండు నా ముందు విప్పి పెడుతుంటే చూడలేకపోయాను. చాయ్ ఇంకా కాలుతూనే ఉంది.

"ఇది రెండో ఏడాదిది. మూడో ఏడాది..." అన్నాడు.

నేను గడియారం చూసుకున్నాను. "బావా, నాకు బస్సుంది" అన్నాను.

కోరుట్ల బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. ఆ సంగతి కథలాపూర్‌లో పుట్టి పెరిగిన మనిషికి తెలియదా? "పో బామ్మర్ది, పో. బస్సు తప్పితె ఆగమైతవ్" అన్నాడు.

అక్క నా వైపు చూడలేదు. నేను లేచిన కుర్చీని ఆయన దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "మూడో ఏడాది ఏమైంది?" అని అడిగింది. అప్పటికి నేను వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నాను.