తలకిందులుగా చూసిన గవ్వ

విశాఖ వెళ్ళిన స్నేహితురాలు ఈ సాయంత్రం ఫోన్లో ఒక ఫోటో పంపింది: వెడల్పు తల, సన్నని మొన, ఒంటినిండా గోధుమరంగు మచ్చలున్న శంకు నత్త గవ్వ. దగ్గుతో పడుకున్న పాప ఒంటిమీద మాటిమాటికీ చెయ్యివేసి చూసుకుంటూ, నిద్రపట్టక ఇది రాస్తున్నాను. నాలాగే వికారాబాద్‌లో భూగర్భశాస్త్రంతో డిగ్రీ చదివి, రాళ్ళసంచులు బస్సుల్లో మోసినవాళ్ళకు ఆ ఫోటో ఏం గుర్తుచేస్తుందో చెప్పనక్కర్లేదు.

చివరి ఏడాది మా మేడం మమ్మల్ని ఊరు దాటాక ఉన్న చేలగట్లకు తీసుకెళ్ళారు. ఎప్పటివో లావా పొరల మధ్య చిక్కుకుని రాయిగా మారిన నత్తగుల్లలు అక్కడి నల్లని చెకుముకి రాళ్ళలో ఉంటాయి. నాకు దొరికినది సగమే బయటికి కనిపిస్తోంది. సన్న కొసను కిందికి పెట్టి చూస్తే అచ్చం పుస్తకంలోని శంకు నత్తే. అది సముద్రపు జీవి కాబట్టి మన చేలల్లో ఒకప్పుడు సముద్రం ఉండేదని ఇంట్లో చెప్పేశాను. తాండూరులో నాపరాళ్ళు పాలిష్ చేసే చోట పనిచేసే నాన్న, ఆ సంగతి తోటివాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నన్ను హైదరాబాద్‌లో పీజీకి పంపాలా వద్దా అన్న మాట అప్పుడే ఇంట్లో నలుగుతోంది.

"రాళ్ళేరుకొనుడుకు కాలేజెందుకు బావా? గొర్లెంబడి తోలరాదు?" అని ఎగతాళి చేసిన మా మేనమామ నోరును నాన్న ఆ సముద్రంతోనే మూయించాడు.

మేడం మాత్రం గవ్వ నోరు చూడనిదే పేరు పెట్టకూడదన్నారు. శంకు నత్తకైతే నోరు నిలువునా సన్నని చీలికలా ఉంటుంది. ఆదివారం వాకిట్లో నాన్న రాయిని గోనెపట్టా మీద కదలకుండా పట్టుకుంటే, నేను చిన్న ఉలితో చుట్టూ పెళ్ళలు తీస్తూ పోయాను. సన్న కొస దగ్గర మెట్లుమెట్లుగా చుట్లు బయటపడ్డాయి. శంకు నత్తకు అవి వెడల్పు వైపున ఉండాలి. రాయిని తిప్పి కొసను పైకి పెట్టి చూస్తే, నోరు విశాలంగా ఎడమవైపు తెరుచుకుని ఉంది. అలా ఎడమకు తెరుచుకునేది మంచినీటి చెరువు నత్త. ఇన్నాళ్ళూ దాన్ని తలకిందులుగా పట్టుకున్నాను.

అది చెరువు నత్తని, మన చేలల్లో సముద్రం లేదని నాన్నతో చెప్పాను. నాన్న రాయిని అటూఇటూ తిప్పి చూశాడు.

"లేకుంటే లేకపాయె. చెర్వన్న ఉండె గద బిడ్డ. మీ మామ జూసిండా గా చెర్వు?"

మరునాడు పనిలో అందరికీ తనే చెప్పొచ్చాడు, సముద్రం కాదట, చెరువట అని. "సముద్రం ఎండిపాయెనా బావా?" అని మామ చాలాకాలం ఆటపట్టించాడు, నాన్న నవ్వుతూనే ఆ వేసవి దాటాక నన్ను హైదరాబాద్ బస్సెక్కించాడు.

ఆ చేలగట్లు ఇప్పుడు చాలావరకు ఫామ్‌హౌస్‌ల గోడల లోపలికి పోయాయి. అంతకంటే ఎక్కువ మారింది మా తరం తల్లిదండ్రులమేనేమో. నేను నలుగురిలో తప్పు చెప్పినా తన పరువు పోయిందని నాన్న అనుకోలేదు. నేనేమో ఈ పొద్దున పాప ఆవును చూసి గుర్రమంటే, మాట నోట్లో ఉండగానే దిద్దేశాను. కొంచెంసేపు గుర్రంగానే ఉండనిస్తే ఏమయ్యేది?