వేదిక మీద కుర్చీ

వేదిక మీద నుంచి నన్ను దింపిన మనిషి మా పార్టీ నగర అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నాడని తెలిసిన రోజు, దుకాణంలో రెండు చీరలకు ఫాల్ తిరగేసి కుట్టాను. ఆ కుట్లు విప్పుతూ కూర్చున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. దొరికావు నాయనా, ఇన్నాళ్ళకు దొరికావు.

అతను అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుతాడు. అక్కడికి రెండు గల్లీల అవతలే నా ఫాల్, పీకో దుకాణం. ఇల్లు బల్కంపేట. పార్టీలోకి అతనికంటే ముందు వచ్చినదాన్ని. మీటింగ్ అంటే చాలు, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను పోగుచేసి తీసుకెళ్ళేది నేనే.

పోయిన వేసవిలో పంజాగుట్టలోని ఒక ఫంక్షన్ హాల్లో సభ జరిగింది. ఈసారి నీకు స్టేజీ మీద కుర్చీ ఉందని పార్టీవాళ్ళు ముందే చెప్పారు. నేను ఊరుకోలేక గల్లీ అంతా చెప్పుకున్నాను. బోనాలకు దాచుకున్న పట్టుచీర తీసి కట్టాను. నన్ను చూడాలనే మావాళ్ళు మూడు ఆటోల్లో వచ్చారు. నేను వెళ్ళి కూర్చుని పది నిమిషాలు కాలేదు, అతను నా చెవి దగ్గర వంగాడు. వెనకాల, ఆ వారమే వేరే పార్టీ నుంచి మారిన ఒకావిడ నిలబడి ఉంది.

"అక్కా, జర కింద కూసో. మేడం కొత్తగ వచ్చిండ్రు, ఫొటోల పడాలె. నువ్వు మనింటి మనిషివే గదా."

మనింటి మనిషి. ఎంత తియ్యగా అన్నాడో. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు తిట్టి దిగేదాన్ని. మెట్లు దిగుతుంటే మావాళ్ళ చూపులన్నీ నా మీదే. తల కొట్టేసినట్టయింది. కింద ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ముందు వరసలో యూసుఫ్‌గూడ పెద్దామె కూర్చుని ఉంది. నాకంటే పాత కార్యకర్త, మోకాళ్ళ నొప్పుల మనిషి. పక్కకు జరిగి తన కుర్చీలో సగం నాకిచ్చింది. "రా బిడ్డా, ఇద్దరం పడతం" అంది. ఆ సగం కుర్చీలో కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మర్నాడు పాల ప్యాకెట్ల దగ్గర పక్కింటామె, "ఎక్కినవట, దిగినవట" అని నవ్వింది. అతని అంతు చూడాలని అప్పుడే అనుకున్నాను.

మా పార్టీలో అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి ఓట్ల పెట్టె ఉండదు. పైనుంచి ఒక పరిశీలకుడు వస్తాడు. ఒక గదిలో కూర్చుని కార్యకర్తలను ఒక్కొక్కరినే పిలుస్తాడు. ఎవరైతే బాగుంటుంది, ఎందుకు బాగుంటుంది అని అడిగి రాసుకుంటాడు. లోపల మనం ఏం చెప్పామో బయట ఎవరికీ తెలియదు. అందుకని బయటికొచ్చిన ప్రతివాళ్ళూ పోటీలో ఉన్న అందరికీ దండం పెట్టి, "అన్నా, నీ పేరే చెప్పిన" అంటారు. అదొక మర్యాద.

పోటీలో ఇతను కాక ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన పంజాగుట్టలో వకీలు. నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కాకపోతే నేను ఎప్పుడు కనిపించినా "ఏ డివిజనమ్మా మీది?" అని మొదటిసారి చూసినట్టే అడుగుతాడు. ఇంకొకరు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి. "ఏంటండీ అక్కగారూ, బాగున్నారా?" అని ఎంతో మర్యాదగా పలకరిస్తాడు. రేపు ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ ఆఫీసులోనూ అంతే మర్యాదగా ఉంటాడు.

నిజం చెప్పాలంటే ముగ్గురిలో పనిచేసేవాడు ఇతనే. వానలకు మురుగు నాలా పొంగి నా దుకాణంలోకి నీళ్ళొచ్చిన రోజున వకీలు ఫోను ఎత్తలేదు. వ్యాపారి వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఇతను మోకాల్లోతు నీళ్ళలో వచ్చాడు. మున్సిపాలిటీ వాళ్ళు నీళ్ళు తోడే మోటారు తెచ్చేదాకా కదల్లేదు. నా కుట్టుమిషన్ తన చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. ఆ మిషన్ నీళ్ళలో మునిగిపోయి ఉంటే నా కోపానికి ఏ అడ్డూ ఉండేది కాదు.

నా వంతు వచ్చింది. పరిశీలకుడు వేరే జిల్లా మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. ఎవరైతే బాగుంటుందమ్మా అన్నాడు. వకీలు పేరు చెప్పాను. కోచింగ్ సెంటర్ ఆయన సంగతేమిటి అన్నాడు. ఆడవాళ్ళంటే కుర్చీలు నింపే మనుషులనుకుంటాడు సార్, అన్నాను. ఆయన రాసుకోలేదు. ఇది చిన్న సంగతి అన్నట్టు చూసి, "మరి వానలప్పుడు మీ దగ్గరికి ఎవరన్నా వచ్చిండ్రా?" అన్నాడు.

"ఎవ్వరు రాలే సార్" అన్నాను.

అది రాసుకున్నాడు. కలం కదులుతుంటే నా కడుపు చల్లబడింది. ఎందుకు దాచాలి, చాలా చల్లబడింది. బయట అతను నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించి, "అన్నా, నీ పేరే చెప్పిన" అన్నాను. "నాకెర్కనే అక్కా" అన్నాడు.

నెల తిరక్కుండానే అతనే అధ్యక్షుడయ్యాడు. నా అబద్ధం ఏ కాగితాల కింద పడిందో ఏమో. ప్రమాణ స్వీకార సభ మళ్ళీ అదే హాల్లో పెట్టారు. నేను మావాళ్ళతో మూడో వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కుంటున్నాను. అతను వేదిక మీద నుంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. "అక్కా, పైకి రా. నాకోసం నిలబడ్డదానివి, కింద కూసుంటవా?"

వెళ్ళాను. పైన కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. చివరి కుర్చీలో యూసుఫ్‌గూడ పెద్దామె. ఇన్నేళ్ళలో ఆమెను వేదిక ఎక్కించడం అదే మొదటిసారి. అతను ఆమె చెవి దగ్గర వంగాడు.

"అమ్మా, జర కింద కూసో. నువ్వు మనింటి మనిషివే గదా."

"వద్దు అన్నా, నేను కిందనే ఉంటా" అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ కింద మా గల్లీ వాళ్ళందరూ మెడలు చాచి చూస్తున్నారు, వాళ్ళలో ఆ పక్కింటామె కూడా ఉంది. నేను కొంగు సర్దుకున్నాను.

పెద్దామె మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఆమె పక్కకు తప్పుకోగానే నేను కూర్చున్నాను. ఫొటోగ్రాఫర్ ఇటు తిరగమన్నాడు, తిరిగాను. వచ్చే నెల మహిళా విభాగం అధ్యక్ష పదవికి కూడా ఇట్లాగే అభిప్రాయాలు అడుగుతారు. పోటీలో నా పేరు ఉంది. ఆ గదిలోకి ఆమె కూడా వెళ్తుంది.

మెట్ల దగ్గర ఆగి ఆమె నా వైపు తిరిగింది. రెండు చేతులూ జోడించింది.

"మంచిగ కూసో బిడ్డా" అంది. ఆ రోజు గది బయట నేను అతనికి దండం పెట్టినప్పుడు నా గొంతు ఎట్లా ఉందో, ఆమె గొంతు అచ్చం అట్లాగే ఉంది.