వేరుశనగ విత్తనాల కాపురం

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో మా మనవరాలు, అక్కడ కీటా అనే పసిపిల్లల బడి నుంచి తడి చెస్ట్‌నట్ కాయలు తెచ్చి, టీచరు నేర్పినట్టు పెద్దవీ చిన్నవీ వేరుచేస్తోంది. ఆ మట్టివాసనకు మా అమ్మ వేరుశనక్కాయలు ఒలిచిన రోజు గుర్తొచ్చింది.

"పెద్ద గింజలు ఇత్తనానికి, చిన్నవి నూనె గానుక్కి. ఏరు," అంది అమ్మ.

నేనేమో ఒక్కో పెద్ద గింజ చుట్టూ చిన్నవాటిని పేర్చి కూర్చున్నా.

"ఏమ్మే, ఇత్తనాలకు కాపురం పెడుతుండావా?"

"తల్లి చేనుకు పోతే పిల్లోల్లు గానుగలో పడాల్నా మా?" అని ఏడుపందుకున్నా.

అమ్మ తిట్టుకుంటూ అన్నీ మళ్లీ ఏరింది. ఒక్క కుప్పను మాత్రం విడదీయలేదు. మర్నాడు నేను చూస్తుండగానే, గట్టువారన సాలులో పెద్దా చిన్నా కలిపి నాటింది. నాకెంత నిమ్మళమో!

చిన్న గింజ సరిగా మొలవదని అమ్మకు తెలుసు. ఒక్క గింజ కిందపడినా వంగి ఏరుకునే మనిషి. నేనెరిగి ఆమె చేసిన దుబారా అదొక్కటే.