సంచి మూసిన తర్వాత

దర్జీ పెద్దమ్మకి మనసులో ప్రశ్న పుడితే కాలు నిలవదు. కోటు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలతో పాటు తమ ఉద్యోగం సంగతులూ ఆమెకి చెప్పక తప్పదు. ఆమెతో కలిసి కొట్టు నడిపే చెల్లెలి కూతురు, "టేపు మా పెద్దమ్మ మెడలో, ప్రశ్న నాలుక మీద" అంటూ ఉంటుంది.

గుండె లయ తప్పిందని తెలిసినప్పుడూ ఆమెకి భయం కంటే ఆరాయే ఎక్కువ. గుండె ఎడమ పైగదికి చిన్న సంచి లాంటిది ఉంటుందనీ, లయ తప్పితే అందులో రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. రక్తం పలచబరిచే మాత్రలు పెద్దమ్మకి పడలేదు. కడుపులో రక్తస్రావమైంది. అందుకని తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం పంపి, ఆ సంచి మూతికి బిరడా లాంటిది అమర్చారు. తెలివి రాగానే ఆమె అడిగిన మొదటి మాట, "అది జారిపోకుండా దేన్ని పట్టుకుని ఉంటుంది?"

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత కొట్టు మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, గోడ పెచ్చులు చూస్తున్నట్టు నటించడం మొదలుపెట్టింది. చెప్పులు బిగుతయ్యాయి. దిండు మీద దిండు వేస్తే గానీ పడుకోలేకపోయేది.

"ఆస్పత్రికి పోదాం పెద్దమ్మా."

"గుండెకి చేయాల్సింది చేసేశారు కదే. ఇది మిషను ముందు కూర్చుని వచ్చిన వాపు."

"నేనూ మిషను ముందేగా కూర్చునేది. నా కాళ్ళు చూడు."

పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆ కాళ్ళనీ, తన కాళ్ళనీ మార్చి మార్చి చూసింది. తన చీలమండ మీద వేలితో నొక్కింది. పడ్డ గుంట పూడకుండా అలాగే ఉండిపోయింది.

"ఇదేంటో కనుక్కోవాల్సిందే" అని తనే ముందు లేచింది.

పరీక్షలు చేసి గుండె వైఫల్యం అన్నారు. "ఆగిపోతుందా?" అంది చెల్లెలి కూతురు.

"గుండె ఆగిపోతుందని కాదమ్మా. పని అందుకోలేకపోతోంది. అందుకే ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో నీరు చేరింది" అంది డాక్టరమ్మ.

"సంచి మూసినందుకా?" అంది పెద్దమ్మ.

"మూశాక కొందరికి ఇలా అవుతోంది. లోపల ఒత్తిడి పెరిగితే ఆ సంచి కాస్త రక్తాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. నీళ్ళు బయటికి పంపమని మూత్రపిండాలకి కబురు పెట్టే రసాయనం కొంత అక్కడా తయారవుతుంది. కానీ మీ వయసు, బీపీ, లయ తప్పిన గుండె... సంచి మూయకపోయినా ఇది రావడానికి ఇవి చాలు. మీకు దేనివల్ల వచ్చిందో నేను తేల్చి చెప్పలేను."

"అయితే అది ఉత్తి సంచి కాదన్నమాట."

"కాదు. అలాగని వదిలేస్తే పక్షవాతం భయం."

మందులతో నీరు దిగింది, ఊపిరి ఆడింది. ఇంటికొచ్చాక ఉప్పు తగ్గింది, దాంతో పెద్దమ్మ మాటల్లో కారం పెరిగింది. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి, ఉన్నట్టుండి పెరిగితే మళ్ళీ నీరు చేరుతోందని ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

"నీకు కోపం రాలేదా?" అని అడిగింది చెల్లెలి కూతురు, గుండీలు కుడుతూ.

"వచ్చింది. ముందే చెప్పాల్సింది అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, చెప్పినా మూయించుకునేదాన్నే."

తర్వాత వెళ్ళినప్పుడు, ఇలా ఎందుకవుతుందో తేల్చడానికి కొందరు రోగుల్ని ఏళ్ళ తరబడి గమనిస్తున్నామనీ, ఇష్టమైతే వాళ్ళలో చేరమనీ డాక్టరమ్మ చెప్పింది. పెద్దమ్మ అప్పటికప్పుడు ఒప్పుకుంది.

ఇప్పుడు ఆస్పత్రి బెంచీ మీద ఆమె వెనక వంతు వచ్చినవాళ్ళకే తిప్పలు. ఆమె లోపలికి వెళ్తే ఓ పట్టాన బయటికి రాదు.