నా ఒంటికి నేనే తీయించుకున్న తరుగు

తన కొంప తనే ముంచుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. కానీ అందుకోసం ఇరవయ్యారు కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని, ఎండలో రోడ్డు దాటి, డాక్టరు గదిలోకి మోసుకెళ్ళి మరీ ముంచుకున్నవాణ్ణి చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. పేరు బ్రహ్మయ్య, ఊరు నకరికల్లు పక్కన, సేద్యం మిరప. నాలుగేళ్ళ కిందటి ముచ్చట ఇది. ఇప్పటికీ మా ఊళ్ళో నన్ను చూస్తే ముందు నవ్వి తర్వాత పలకరిస్తారు.

అప్పటికి నాకు యాభై రెండు. షుగరుంది, బీపీ ఉంది, వాటి రెండింటికీ నీడనిచ్చే పొట్ట ఉంది. నరసరావుపేటలో మేం చూపించుకునే డాక్టరమ్మ చాలా నెమ్మదైన మనిషి. ఆ రోజు మాత్రం కాగితాలు చూసి కళ్ళజోడు తీసింది. డాక్టర్లు కళ్ళజోడు తీశారంటే మనకు మూడిందన్నమాటే.

"బ్రహ్మయ్యగారూ, తొంభైరెండు కిలోలున్నారు. మూడు నెల్లు టైమిస్తున్నా. ఎనిమిది కిలోలు తగ్గాలి. షుగరు దిగాలి. లేకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం."

"సూదా అమ్మా?"

"రోజూ. ఇంట్లోనే."

మా గేదెకు సూదేస్తుంటేనే నేను అటు తిరిగి నిలబడతాను. పైగా మా నాన్నకు ఈ షుగరుతోనే కాలి వేళ్ళు రెండు తీసేశారు. ఆ రోజుల్లో నాన్న కాలికి కట్టు కట్టింది మా ఆవిడ కోటేశ్వరే. అందుకని ఆమెకు షుగరంటే నాకన్నా భయం. డాక్టరమ్మ చెప్పిందంతా చెయ్యి మీద రాసుకున్నంత శ్రద్ధగా వింది. కంచంలో సగం కూర, పావు పప్పు, పావు అన్నం. పచ్చళ్ళు ఉప్పుమయం కాబట్టి బీపీకి పడవు. రోజూ నడక.

మర్నాటి నుంచే మా వంటింట్లో ప్రభుత్వం మారింది. కొర్రన్నం, జొన్నరొట్టె, సొరకాయ, బీరకాయ. ఒక్కడే తింటే దిగులుపడతానని తను కూడా అదే తినటం మొదలుపెట్టింది. పచ్చడి జాడీలన్నీ అటక ఎక్కించి నిచ్చెన పక్కింట్లో పెట్టింది.

నేను డాక్టరమ్మ మాట తు.చ. తప్పలేదు. తినమన్నవన్నీ తిన్నాను. వద్దన్నవి మానలేదు, అంతే తేడా. పొద్దున్నే మెంతుల నీళ్ళు తాగాను, ఒంటికి మంచిదని. తర్వాత రాగిజావ, అదీ మంచిదే. ఆపైన రెండు రొట్టెలు. ఇక నడక. మా ఇంటి నుంచి సెంటరుకు కిలోమీటరున్నర. అక్కడ మిరపకాయ బజ్జీల బండి ఉంది. అక్కడిదాకా నడిచేవాణ్ణి, అలిసిపోయేవాణ్ణి, అలసట తీర్చుకునేవాణ్ణి, మళ్ళీ నడిచి వచ్చేవాణ్ణి. పొలంలో కూలోళ్ళు భోజనాలకు కూర్చుంటే, "రా బాబాయ్, గోంగూర పచ్చడి తెచ్చాం" అని పిలిచేవాళ్ళు. పెట్టిన చేతిని కాదంటే బాగుంటుందా? మీరే చెప్పండి.

ఇంత కష్టపడుతున్నాను గదా, ఎంత తగ్గానో చూసుకోవద్దూ? ఇంట్లో తూకం మిషను లేదు. కాయ కోతల కాలం కాబట్టి ఊళ్ళో మిర్చి కాటా ఉంది. కాటా దగ్గర మస్తాను ఉన్నాడు. ఇరవయ్యేళ్ళుగా మా ఊరి కాయంతా తూచింది అతనే. ఇక్కడ సేద్యం తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. మేం కాయ అమ్మేటప్పుడు కొనేవాడు అసలు తూకం ఇవ్వడు. సంచి బరువని కొంత, తేమని కొంత, మట్టీ తొడిమలని కొంత బస్తాకింత కోసేస్తాడు. దాన్నే తరుగంటారు. ఆ తరుగు దగ్గర కొట్లాడీ కొట్లాడీ మా తాత గొంతు పోయింది, మా నాన్న గొంతు పోయింది, నా గొంతు సగం పోయింది.

మొదటి ఆదివారం కాటా ఎక్కాను.

"తొంభైమూడు," అన్నాడు మస్తాను.

"తొంభైమూడేందిరా? కిలో ఎట్లా పెరిగా?"

"నన్నడుగుతావేంది బ్రహ్మయ్యన్నా, కాటా చెబుతుంది."

ఉపాయం లేనివాణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొట్టమన్నారు పెద్దలు. ఉపాయాలు మరీ ఎక్కువైనవాణ్ణి ఏం చెయ్యాలో చెప్పకుండా పోయారు.

"ఒరేయ్ మస్తానూ, సంచి బరువు తీశావా?"

"సంచేంది?"

"పంచె, చొక్కా, కండువా! కాయకి సంచి తరుగు తీస్తావు గానీ మనిషికి తియ్యవా? కిలో కొట్టెయ్."

మస్తాను నవ్వి కొట్టేశాడు. తొంభైరెండు. కడుపు నిండిపోయింది, ఆ నిండిన కడుపుతోనే ఇంటికెళ్ళి రెండు రొట్టెలు తిన్నాను.

అక్కడితో ఆగితే ఇది రాసేవాణ్ణి కాదు. తర్వాతి వారాల్లో సెల్లు, తాళాలు, చెప్పులు కలిపి ఒక కిలో తీయించాను. పొద్దున తిన్నదీ తాగిందీ ఇంకా ఒంటికి పట్టలేదు కాబట్టి రెండు కిలోలు. మాది పెద్దెముక వంశం, ఎముక కొవ్వు కాదు కాబట్టి ఇంకో రెండు. చివరి వారం మిగిలిన మూడు కిలోల దగ్గర మస్తాను మొండికేశాడు.

"ఇంక తీయటానికేమీ లేదన్నా."

"తేమ తీశావా?"

"తేమా?"

"మనిషి ఒంట్లో సగం నీళ్ళేనంట, ఫోన్లో చూశా. కాయలో పిసరంత తేముంటేనే మా పీక కోస్తారే! ఇక్కడ సగానికి సగం తేముంటే మూడు కిలోలు తియ్యటానికి నీకు చేతులు రావా?"

కాటా దగ్గరున్న రైతులంతా చుట్టూ మూగారు. మస్తాను తల కొట్టుకుని, "తీశాలే, ఎనభైనాలుగు. దిగన్నా, అవతల కాయ ఎండిపోతా ఉంది," అన్నాడు.

ఎనభైనాలుగు! డాక్టరమ్మ అడిగినంతా తగ్గాను. ఇంటికి వెళ్ళి చెబితే కోటేశ్వరి పొయ్యి దగ్గర నుంచి లేచి, కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. ఆ దణ్ణం చూసినప్పుడన్నా నాకు సిగ్గెయ్యాలి. వెయ్యలేదు. అన్ని వారాలు కొట్లాడి సాధించుకున్న తూకం కదా, నిజమేనని నేనే నమ్మేశాను.

గడువు రోజున నరసరావుపేటకు వెళ్ళాం. రక్తం పరీక్ష చేయించి, కాగితం పట్టుకుని కూర్చున్నాం. డాక్టరమ్మ లోపలికి పిలిచింది.

"ఏమైనా తగ్గారా?"

"ఎనిమిది కిలోలమ్మా," అన్నాను, మీసం మీద చెయ్యి దానంతటదే వెళ్ళింది.

ఆమె నవ్వుతూ కాగితం విప్పింది. నవ్వు ఆగింది. కళ్ళజోడు తీసింది.

"షుగరు బాగా పెరిగింది బ్రహ్మయ్యగారూ. షుగరు ఇంత పెరుగుతూ, మూడు నెలల్లో ఎనిమిది కిలోలు పోవటం మంచి లక్షణం కాదు. లోపల ఇంకేదైనా ఉందేమో చూడాలి. స్కానింగులు రాస్తాను. గుంటూరు వెళ్ళాల్సి రావచ్చు."

కోటేశ్వరి నా ముంజేయి పట్టుకుంది.

"ఏందమ్మా లోపల? ఏముంటది లోపల?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కంగారు పడకండమ్మా. ముందు ఒకసారి బరువు చూద్దాం," అని డాక్టరమ్మ నన్ను మూలనున్న మిషను ఎక్కించింది.

మిషను మీద ఎర్రటి అంకెలు వెలిగాయి. తొంభైమూడు.

అయ్యా, ఇక్కడ నాకు రెండు దార్లున్నాయి. మిషను నిజమైతే నాకు పెద్ద రోగం లేదు, కానీ నేను అబద్ధాలకోరుని. మిషను తప్పయితే నేను సత్యవంతుణ్ణి, కానీ లోపల పెద్ద రోగముంది. బుద్ధున్నవాడు ఏది కోరుకుంటాడు? నేను మిరప రైతుని. అవతలివాడి కాటా మీద నా కాయ తక్కువ తూగితే ఊరుకోను, నేను ఎక్కువ తూగినా ఊరుకోను.

"మీ కాటా తప్పమ్మా," అన్నాను.

"తప్పు కాదండీ. పొద్దుణ్ణించి అందర్నీ దీనిమీదే చూస్తున్నాం."

"అందరికీ తప్పే చూపిస్తా ఉంది. మాది మిర్చి కాటా. క్వింటాళ్ళకి క్వింటాళ్ళు తూచేది. నేను ఎనభైనాలుగే!"

"ఏమయ్యా," అంది కోటేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ, "తొంభైమూడైతే మంచిదేగా? రోగం లేనట్టేగా?"

"రోగముంటే ఉండనియ్యే! తూకం తప్పంటే మాత్రం నేనొప్పుకోను."

ఈ మాట నేనే అన్నాను. సాక్షులున్నారు. అని ఊరుకోక, రుజువు చేస్తానని బయటికి నడిచాను. ఎదురుగా బియ్యం కొట్టుంది. ఇరవయ్యారు కిలోల బస్తా ఒకటి ఇమ్మన్నాను, తూచి తిరిగిచ్చేస్తానన్నాను.

"బియ్యం బాడుగకిచ్చేది ఎక్కడన్నా ఉందా పెద్దాయనా? కొనుక్కుని ఎన్నిసార్లైనా తూచుకో," అన్నాడు కొట్టాయన.

కొన్నాను. భుజానికెత్తుకున్నాను. రోడ్డు దాటేసరికే చొక్కా తడిసింది, మెట్లెక్కేసరికి నాలుక బయటికొచ్చింది. వరండాలో కూర్చున్న ఒక ముసలమ్మ చూసి, "డాక్టరమ్మకి బియ్యం తెచ్చాడమ్మా, ఎంత మంచోడో," అని పక్కామెతో అంది.

బస్తాను మిషను మీద దించాను. అప్పటికి తలుపు దగ్గర పది తలలు లోపలికి తొంగిచూస్తున్నాయి.

మిషను ఇరవయ్యారు పాయింటు ఒకటి చూపించింది.

"వంద గ్రాములు తేడా!" అని అరిచాను.

"సంచి బరువండీ," అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

సంచి బరువు అనే మాట చెవినపడగానే కోటేశ్వరి తల ఎత్తింది. ముప్ఫయ్యేళ్ళుగా నాతోపాటు కాయ అమ్మిన మనిషి. నా మొహంలోకి చూసింది. తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడకుండా సెల్లు తీసి మస్తానుకు చేసి, స్పీకరు పెట్టింది.

"మస్తానూ, మీ అన్న కాటా మీద ఎంత తూగాడయ్యా?"

"తొంభైమూడు వదినా."

"మరి ఎనభైనాలుగంటాడేంది?"

"తొమ్మిది కిలోలు తరుగు తీయించుకున్నాడు వదినా. నేను వద్దంటానే ఉన్నా. ఊళ్ళో రైతులంతా తరుగు ఎక్కువ తీశానని కొట్లాడతారు. తరుగు తక్కువ తీశానని కొట్టటానికొచ్చినోడు నా సర్వీసులో అన్నొక్కడే!"

తలుపు దగ్గర పది తలలూ ఒక్కసారి నవ్వాయి. బియ్యం తెచ్చిన మంచివాణ్ణని మురిసిపోయిన ముసలమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది. కోటేశ్వరి మాత్రం నవ్వలేదు. కుర్చీలో కూలబడి ఏడ్చింది. నాకు రోగం లేదన్న సంతోషం, నన్ను చంపాలన్నంత కోపం, రెండూ కలిసి వచ్చిన ఏడుపది. నా జీవితంలో నేను పడ్డ సిగ్గులన్నీ ఒక ఎత్తు, అప్పుడు పడింది ఒక ఎత్తు. ఆ నిమిషాన ఏ తరుగూ అడగకుండా నేను పూర్తి వెధవనని ఒప్పేసుకున్నాను.

డాక్టరమ్మ ఆమెకు మంచినీళ్ళిచ్చి, ఊరికే ఉండలేక, "మీరూ ఒకసారి ఎక్కండమ్మా," అంది. ఎక్కింది. మూడు నెలల కిందట నాతోపాటు ఇక్కడే తూగినప్పటి కన్నా నాలుగు కిలోలు తగ్గింది. ఆమెను ఎవరూ తగ్గమనలేదు.

"ఆవిడ వండిందే మీరూ తిన్నారుగా బ్రహ్మయ్యగారూ?"

"తిన్నానమ్మా," అన్నాను. "అది కూడా తిన్నాను."

స్కానింగులు తప్పాయి. సూది తప్పలేదు. సాయంత్రం నుంచే ఇన్సులిన్. తీరా పొడిస్తే చీమ కుట్టినంత కూడా లేదు. ఇంత చిన్న సూదికి భయపడా నేను ఇన్ని వేషాలేసింది అనిపించింది.

అసలు శిక్ష బస్సు దిగాక పడింది. కొన్న బస్తా కదా, ఇంటికి తేవాలి. ఆటో పిలవబోతే కోటేశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది.

"మొయ్యి. నీ ఒంటిమీద ఎక్కువున్నది ఇందులో మూడోవంతు. మోస్తే తెలుస్తది."

సెంటరు నుంచి ఇంటిదాకా కిలోమీటరున్నర. బజ్జీల బండి ముందు నుంచే. బండాయన కూడా గరిటె వదిలేసి చూశాడు.

"అన్నం మానేశావన్నారు గదా బ్రహ్మయ్యా?" అని రచ్చ మీద పెద్దాయన అడిగాడు.

"మానేశా బాబాయ్," అన్నాను బస్తా కింద నుంచి.

ఆ తర్వాత నిజంగానే కంచంలో సగం కూర చేశాను. బజ్జీల బండి లేని దోవన నడిచాను. గోంగూర పచ్చడి కనపడితే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకున్నాను. అయిదు కిలోలు తగ్గటానికి ఏడాది పట్టింది. సూది మోతాదు సగమైంది. కాలి వేళ్ళు పదీ ఉన్నాయి. పొద్దున్నే కోటేశ్వరి వాటిని ఒక్కొక్కటే నొక్కి చూసి, తెలుస్తుందా అని అడుగుతుంది. తెలుస్తుందంటాను. ఈ విషయంలో అబద్ధమాడను.

కాబట్టి పాఠకులారా, కోటప్పకొండ సాక్షిగా, మా ఊరి మిర్చి కాటా మీద కుడికాలు మోపి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ నా ఒంటికి సంచి బరువు అడగను, ఎముకల లెక్క తియ్యను, తేమ ఊసెత్తను. డాక్టరు మిషను చూపించిందే నా బరువు, మా ఆవిడ వడ్డించిందే నా తిండి. కాయ అమ్మేటప్పుడు మాత్రం మస్తానుతో యథాప్రకారం కొట్లాడతాను.

నా మాట మీద నమ్మకం లేనివాళ్ళు మా ఇంటికి రావచ్చు. ఇప్పుడు ఎనభై ఎనిమిదిన్నర. పంచె, చొక్కా, సెల్లు, తాళాలతో కలిపి.